శౌరమ్మ ఆది రవిక

హైదరాబాదు,
ఆగస్టు 4, 1986.

జోజమ్మత్తకు,

నీ మేనకోడలు లూర్దు నమస్కారాలు. బాగున్నావా అని అడగను. నువ్వు మంచానపడితే కొత్తగూడెం క్వార్టర్లలో సగంమంది ఆడవాళ్లు జాకెట్లు లేక పెళ్లిళ్లకు వెళ్లడం మానేస్తారు, ఆ వార్త నాకు ఈపాటికి తెలిసేదే. ఇన్నయ్య మామయ్యకు దగ్గు తగ్గిందా? బొగ్గుబావిలో షిఫ్టు మార్చారా?

ఇక్కడ పాలిటెక్నిక్‌లో మాకు ఆఖరి సంవత్సరం మొదలైంది. దుస్తుల డిజైనింగ్ అంటే ఏమిటని పోయినసారి అడిగి, నేను అరగంట చెప్పాక, 'ఓస్, దర్జీ పనేనా' అని తేల్చేశావు. అవును, దర్జీ పనే. కాకపోతే పుస్తకం చూసి చేస్తాం.

డిసెంబరులో మా క్లాసు ఒక ప్రదర్శన పెడుతోంది. పేరు 'యుగయుగాల వస్త్రధారణ'. శాతవాహనుల నాటి నుంచి ఇప్పటి దాకా, ఒక్కొక్కరు ఒక్కో కాలం పంచుకున్నాం. ఒకమ్మాయికి కాకతీయుల నాట్యకత్తె, ఇంకొకమ్మాయికి విజయనగరం రాణి, మరొకరికి నిజాంకాలపు బేగం. నా వంతు వచ్చేసరికి నేను లేచి, మా ఖమ్మం అడవి అంచు పల్లెల ఆడవాళ్ల సంగతి చూపిస్తానన్నాను. ఎందుకన్నానో నాకే తెలియదు. మాకు దుస్తుల చరిత్ర చెప్పే నిర్మలాదేవి మేడం కళ్లజోడు పైకి తోసుకుని, మంచిదే గాని ఆధారం ఉండాలి అన్నారు. దీనికి వచ్చే మార్కుల మీదే నా డిప్లొమా నిలబడి ఉంది.

అందుకని నిన్ను అడుగుతున్నాను. నాయనమ్మ ఊరు మారేడుగుంపులో మన ఆడవాళ్ల రవికల ఆది నాకు కావాలి. నీకు తప్ప ఇంకెవరికీ తెలియదు. ఆలస్యం చేయకుండా పంపు.

నీ కోడలు,
లూర్దు.


కొత్తగూడెం,
ఆగస్టు 19, 1986.

చిట్టి కోడలు లూర్దుకు అత్త ముద్దులు.

మేం బతికే ఉన్నాం. మీ మామయ్య దగ్గు కూడా బతికే ఉంది. రాత్రి షిఫ్టు తప్పించమని నేనే వెళ్లి ఆఫీసులో అడుగుతానంటే ఆయనకు నామోషీ అట. ఆయన నామోషీకీ దగ్గుకూ మధ్య నా నిద్ర పోతోంది.

నువ్వడిగిన ఆది స్టేషన్‌లో పార్శిల్ వేశాను. రసీదు ఈ ఉత్తరంలోనే పెట్టాను, వెళ్లి తెచ్చుకో. పాత దుప్పటి ముక్కలో చుట్టి నాలుగువైపులా కుట్టాను, కత్తెరతో గబగబా కోయకు, కుట్టు చూసి విప్పు. అది మా అమ్మ, మీ నాయనమ్మ శౌరమ్మ రవిక. నా దగ్గరున్న ఆది రవికలన్నిట్లో అసలైనది. ఉతకకు. ఇస్త్రీ అసలే వద్దు. ఎడమ సగాన్నే నమ్ము, కుడి సగాన్ని నమ్మకు. గుడ్డ మడిచి ఎడమ సగాన్ని దాని మీద పరిచి కత్తిరిస్తే రెండువైపులా సమంగా వస్తుంది. ఈ ఊళ్లో నేను కుట్టిన జాకెట్లన్నీ దాని మనవరాళ్లే.

ఇంతకీ పట్నంలో ఎవరికి కుడుతున్నావు? పుస్తకం ముందేసుకుని టేపుతో కొలిస్తే చంక దగ్గర ముడత పడి తీరుతుంది, ఇది నా మాటగా రాసిపెట్టుకో.

మీరు రాణుల కాలాలు చదువుతున్నారు గాని, నా మిషన్ కింద నుంచి ఎన్ని కాలాలు పోయాయో ఎవరైనా అడిగారా? బుట్టచేతులు వచ్చాయి, పోయాయి. మోచేతుల దాకా వచ్చాయి, పోయాయి. అసలు చేతులే లేని జాకెట్ల ఫ్యాషన్ వచ్చినప్పుడు సుశీలమ్మ టీచరు గుడ్డ నా ఒళ్లో పెట్టి, అటూ ఇటూ చూసి, చెవిలో చెప్పింది. కుట్టించుకుంది గాని పైన శాలువా తీయలేదు, మే నెలలో కూడా. మన వీధి గోపాలు బావిలో కొత్తగా పని దొరికినప్పుడు బెల్‌బాటం కుట్టమని వచ్చాడు. ఒక్కో కాలికి ఒక లంగా గుడ్డ పట్టింది. వాడు సాయంత్రం బజారుకు పోతే మళ్లీ ఊడ్చే పని లేకుండా పోయేది. ఇప్పుడు వాడి కొడుకు ఆ ఫోటో చూసి నవ్వుతున్నాడట. నవ్వనీ. ఆ ప్యాంటు మళ్లీ వస్తుంది, అప్పుడు వాడి ముఖం నేను చూస్తాను.

లంబాడీ తండా నుంచి సోమ్లి వచ్చినప్పుడు నీ ప్రదర్శన సంగతి చెప్పాను. అద్దాల కుట్టు పని ఎప్పుడూ నా చేతికివ్వదు, అది తన సొంతం. లంగా అంచు మాత్రం నా మిషన్ మీద వేయించుకుంటుంది. నా మాటంతా విని, "మా సంగతి మేం ఒంటి మీదనే కుట్టుకున్నం, రాసేదేముంది" అంది. ఎంత గర్వమో చూడు దానికి. నాకు నచ్చింది.

ఆది జాగ్రత్త.

మీ అత్త,
జోజమ్మ.


హైదరాబాదు,
సెప్టెంబరు 2, 1986.

అత్తా,

నవ్వాలో ఏడవాలో తెలియకుండా చేశావు. నేను అడిగిన ఆది వేరు! ఆది అంటే మొదలు. మన వాళ్లు రవికలు ఎప్పుడు వేసుకోవడం మొదలుపెట్టారో, అంతకుముందు ఏం కట్టుకునేవారో రాసి పంపమని అడిగితే, నువ్వు కొలతకిచ్చే ఆది రవికను పార్శిల్ చేశావు. పార్శిల్ మీద భద్రాచలం రోడ్డు అని ఉండటం చూసి మా గదిలో అమ్మాయిలు ప్రసాదం వచ్చిందనుకున్నారు పాపం. మా ఊరి స్టేషన్ పేరే అంత, రాముడి గుడి ఇంకా చాలా దూరం అని చెప్పినా వినలేదు. ప్లేటు కడిగి పట్టుకొచ్చారు. తీరా విప్పితే పాత రవిక! ఆ రాత్రంతా నన్ను ఆడించుకున్నారు.

మరునాడు మేడం కూడా నవ్వుకుంటారని తీసుకెళ్లి చూపించాను. ఆవిడ నవ్వలేదు. కిటికీ దగ్గరికి తీసుకెళ్లి కుట్టు చూశారు. అంతా చేతికుట్టే అని, ఇది ఎవరిది, ఏ కాలానిది అని అడిగారు. మా నాయనమ్మది అన్నాను. నాయనమ్మ పోయేనాటికి నేను పలక పట్టే పిల్లను. నాకు గుర్తున్నది ఆమె చేతి బొబ్బట్టు ఒక్కటే.

క్లాసులో శాతవాహనుల నాటి శిల్పాల ఫోటోలు చూశాం. రాణులకు నడుముకు పెద్ద వడ్డాణం, మోచేతి దాకా గాజులు, తలలో ఎన్నో వరసల పూసలు. రవిక మాత్రం లేదు అత్తా! ఆ కాలానికి అదే నిండు అలంకారమట. కుట్టిన బట్ట మన దేశంలో నెమ్మదిగా వచ్చిందనీ, పొట్టి రవిక ఇంకా తర్వాతిదనీ మేడం చెప్పారు. మరి మారేడుగుంపుకు ఎప్పుడొచ్చింది? ఎవరు తెచ్చారు?

ఇంకో సంగతి. తెల్ల రవికకు కుడి భుజం మీద అరచేయంత ఎర్ర అతుకు ఏమిటి? కుట్టు చూస్తే నాయనమ్మ మంచి పనిమంతురాలు. అంత కొట్టొచ్చేటట్టు ఎర్ర గుడ్డ, ఎర్ర దారం ఎందుకు వాడింది? తెల్ల ముక్క దొరకలేదా?

ఈసారి గుడ్డ కాదు, కథ పంపు.

లూర్దు.


కొత్తగూడెం,
సెప్టెంబరు 20, 1986.

చదువుల కోడలికి,

ఒకే మాటకు రెండర్థాలు పెట్టింది నేనా? దర్జీని పట్టుకుని రవికల ఆది పంపు అంటే దర్జీ ఏం పంపుతుంది? నీ ఉత్తరం మీ మామయ్యకు చదివి వినిపిస్తే నవ్వి నవ్వి దగ్గు తెరలు తెరలుగా వచ్చింది. ఆ పాపం నీదే.

మీ రాణుల బొమ్మల గురించి రాశావు కదా, రెండుసార్లు చదివాను. రాణి రవిక లేకుండా నిలబడితే అలంకారం. మా అమ్మ రవిక వేసుకుని నిలబడితే పొగరు. ఈ ముక్క మీ మేడంకు చెప్పు.

మొదలు అడిగావు కాబట్టి రాస్తున్నాను. మారేడుగుంపులో ఊరి చివర మన పల్లె ఆడవాళ్లు రవిక వేసుకునేవాళ్లు కాదు. వేసుకోనిచ్చేవాళ్లు కాదు. దొర పొలానికి గాని గడి ముందుకు గాని పోతే ఒంటి మీద ఒక్క చీరే ఉండాలి, అది మోకాళ్ల కిందికి దిగకూడదు. కొంగునే ముందుకు తెచ్చి, వెనక్కి తిప్పి, బిగించి కట్టుకుని వంగి పని చేయాలి. ఈ కట్టడి ఎక్కడా రాసి లేదు, అయినా చంటిపిల్లకు కూడా తెలుసు. గడిలో ఆడవాళ్లకు రవికలు ఉండేవి, మోచేతుల దాకా, జరీ అంచుతో. మేం దూరం నుంచి చూసేవాళ్లం.

అమ్మ చర్చి ఊడ్చేది. సిస్టరమ్మలు పూజబల్ల మీద పరిచే గుడ్డ పాతదైతే అమ్మకిచ్చారు. తెల్లటి మంచి గుడ్డ, చేతిలో మంచుముద్దలా ఉండేది. సూది పట్టడం కూడా వాళ్లే నేర్పారు, చర్చి తెరలకు అంచులు కుట్టించుకోవడానికి. అమ్మ ఆ గుడ్డను తెర చేయలేదు. రవిక చేసింది.

కొలత ఎక్కడిది మరి? ఒంటి మీద ఎప్పుడూ రవిక పడని మనిషికి ఆది ఎవరిస్తారు? ఏం చేసిందో తెలుసా, తడిక చాటున స్నానం చేసి, ఒళ్లు తుడుచుకోకుండా ఆ గుడ్డ చుట్టుకుంది. గుడ్డ ఒంటికి అంటుకుపోయింది. ఎక్కడ మడత పడితే అక్కడ పొయ్యి బొగ్గుతో గీత గీసుకుంది. కుడిచేత్తో గీసిన ఎడమవైపు చక్కగా వచ్చింది. ఎడమచేత్తో గీసిన కుడివైపు వంకర పోయింది. అందుకే కుడి సగం నమ్మకని రాశాను.

ఇదీ నీ మొదలు. రాసుకో, మార్కులు తెచ్చుకో. అతుకు సంగతి మాత్రం అడగకు. చినిగింది, కుట్టుకుంది. అంతే.

మీ అత్త.


హైదరాబాదు,
అక్టోబరు 10, 1986.

ప్రియమైన అత్తా,

నీ ఉత్తరం మేడంకు చదివి వినిపించాను. తడిగుడ్డ, బొగ్గుగీత దగ్గర ఆవిడ నన్ను ఆపి మళ్లీ చదవమన్నారు. మనిషి మీదే గుడ్డ పరిచి కొలిచే పద్ధతి మాకు రెండో ఏడాదిలో పాఠం. రవికను ప్రదర్శనలో పెట్టడానికి ఒప్పుకున్నారు. రాణుల వరసలో, ఒక బొమ్మకు తొడిగి, విడిగా దీపం వేసి! నా కాళ్లు నేల మీద లేవు.

ఒక్క షరతు పెట్టారు. ప్రదర్శనలో పెట్టే ప్రతి బట్టా మొదట కుట్టినప్పుడు ఎలా ఉందో అలాగే ఉండాలట. ఎర్ర అతుకు తర్వాత ఎప్పుడో పడింది, దాన్ని విప్పేసి అదే రకం తెల్ల గుడ్డ వేస్తే రవిక అసలు రూపం తెలుస్తుంది అన్నారు. లేకపోతే చూసేవాళ్ల కళ్లన్నీ ఆ ఎర్ర మచ్చ మీదే ఉంటాయి, కుట్టు ఎవరూ చూడరు అన్నారు. నాకూ సబబుగానే తోచింది. చినిగింది, కుట్టుకుంది, అంతే అని నువ్వే రాశావు కదా.

సుల్తాన్ బజారులో తెల్ల గుడ్డ తెచ్చాను, పాతదానిలా కనిపించాలని టీ నీళ్లలో ముంచి ఆరబెట్టాను. వచ్చే శనివారం అతుకు విప్పుతాను. భయపడకు, నా చేయి ఇప్పుడు నీ చేయంత తేలిక.

నీ లూర్దు.


తంతి
కొత్తగూడెం, అక్టోబరు 15

అతుకు ముట్టకు. ఉత్తరం వస్తోంది. అత్త.


కొత్తగూడెం,
అక్టోబరు 15, 1986.

లూర్దూ,

తంతి అందే ఉంటుంది. పోస్టాఫీసులో గుమాస్తా, ఎవరైనా పోయారా అమ్మా అని అడిగాడు. పోకుండా ఆపుతున్నాను, కొట్టు అన్నాను. అతుకుకు ఇంగ్లీషులో ఏమంటారో తెలియక కాసేపు కలం కొరికాడు.

ఈ సంగతి నేను ఇన్నాళ్లూ ఎవరికీ చెప్పలేదు. మీ నాన్నకు కూడా తెలియదు, వాడు అప్పటికి పుట్టలేదు. చెప్పకూడదని అమ్మ నా దగ్గర మాట తీసుకుంది. ఎవరి గురించైతే ఆ మాట తీసుకుందో ఆ మనిషి మొన్న ఎండాకాలంలో పోయాడు. ఇక చెప్పవచ్చు. నిజానికి నీకు పోయిన ఉత్తరంలోనే చెప్పాల్సింది, నోరు కట్టుకోవడం అలవాటైపోయి కలం కూడా ఆగింది.

అమ్మ ఆ రవిక కుట్టుకున్నది పాస్కా పండుగకు, అదే ఈస్టరుకు. చర్చికి వేసుకుని వెళ్లింది, అందరూ చూశారు, సిస్టరమ్మలు మెచ్చుకున్నారు. చర్చి వరకే అయితే గొడవే లేదు. మరునాడు దొర మిరపకళ్లంలో కాయలు ఏరే పనికి కూడా అదే వేసుకుని బయల్దేరింది. నేను వెంట ఉన్నాను, తాలుకాయలు ఏరడానికి పిల్లల్ని కూడా రానిచ్చేవాళ్లు. దారిలో జంపక్క, పక్క గూడెం కోయామె, అమ్మకు జోడీ, చూసి నోటి మీద చేయి వేసుకుంది. తీసి కొంగులో దాచుకోమంది. అమ్మ కొంగు వెనక్కి వేసుకుని ముందుకు నడిచింది.

కళ్లం వాకిట్లో దొర మనిషి ఉన్నాడు. కూలీలను అదిలించడం వాడి పని. తలకు ఎర్ర పాగా, అది దొర ఇచ్చిందే, దాన్ని చూసే జనం పక్కకు తప్పుకునేవాళ్లు. అమ్మను ఆపాడు.

"ఎవల ముందట ఏసుకొచ్చినవే రైక? ఇప్పు."

అమ్మ కదల్లేదు. వాడు భుజం మీద గుడ్డ పట్టుకుని లాగాడు. పర్రుమన్న ఆ చప్పుడు నాకిప్పటికీ వినిపిస్తుంది, ఇన్నేళ్లుగా గుడ్డలు చింపుతున్నా ఆ చప్పుడు వేరే. అమ్మ వాణ్ని తోసింది. ఇద్దరి మధ్యా పాగా జారి కింద పడింది. వాడు వంగేలోపు అమ్మ దాన్ని అందుకుని, చినిగిన భుజం మీద కప్పుకుని, నా చేయి పట్టుకుని వెనక్కి తిరిగింది. పరుగెత్తలేదు. పరుగెడదామని నేను చేయి లాగుతుంటే, నడువు అంది.

ఇంటికొచ్చి ఏడుస్తుందనుకున్నాను. చాప తెచ్చి గుమ్మం బయట వేసింది, అందరికీ కనబడేటట్టు. పాగా అంచు కోసి ముక్క తీసింది. అదే పాగాలోంచి పోగులు లాగి దారం పేనింది. సూదిలోకి ఎక్కించింది నేనే. పల్లె పల్లెంతా చుట్టూ చేరి, కాళ్లు పట్టుకుని పాగా ఇచ్చిరమ్మని కొందరు, ఊరు విడిచి పొమ్మని కొందరు. జంపక్క ఇంటికి పరుగున వెళ్లి తెల్ల గుడ్డ పేలిక తెచ్చింది, కనీసం ఇదన్నా వేసి కుట్టు, ఎర్రది వద్దు అని బతిమాలింది. అప్పుడు అమ్మ అన్న మాట విను.

"తెల్లది ఏస్తే చినగనట్టే ఉంటది. చినిగింది తెల్వాలె. ఎవడు చింపిండో తెల్వాలె."

మరునాడు మళ్లీ అదే రవికతో అదే కళ్లానికి పోయింది. వాడు వాకిట్లోనే ఉన్నాడు, ఉత్త తలతో. అమ్మ భుజం వైపు చూశాడు. ఆ గుడ్డ ఎవరిదో వాడికి తెలుసు, అక్కడున్న ప్రతి మనిషికీ తెలుసు. నా పాగా అని వాడు నోరు తెరిస్తే, ఒక కూలిది తన తల మీద నుంచి తీసుకుపోయిందని దొరకు చెప్పుకోవాలి. ఏ నోటితో చెప్తాడు? అంతలో దొర గడి అరుగు మీద నుంచి కేకేశాడు, నీ పాగా ఏదిరా అని.

"వాగుల కొట్టుకపోయింది దొరా" అన్నాడు.

ఎండాకాలం. వాగులో చీమ మునిగేటన్ని నీళ్లు లేవు. ఆడవాళ్లందరూ మిరపరాశి మీదికి వంగి, కాయల ఘాటు తగిలినట్టు ఒకటే దగ్గు. అమ్మ మాత్రం దగ్గలేదు. తల ఎత్తి కాయలు ఏరింది.

వారం తిరక్కుండా జంపక్క వచ్చి తనకూ ఒకటి కుట్టమని అడిగింది. ఆ తర్వాత ఇంకొకరు, ఇంకొకరు. అమ్మ తన రవికనే ఆదిగా పెట్టి అందరికీ కత్తిరించింది. నాట్లు మొదలయ్యేసరికి మడిలో వరసంతా రవికలే. ఒక్కరైతే విప్పమంటారు, వరస మొత్తాన్ని పంపించేస్తే నాటేది ఎవరు? దొర చూసీ చూడనట్టు గట్టు మీద నుంచే తిరిగిపోయాడు.

ఆ మనిషి పేరు నీకు కూడా రాయను. వాడు మళ్లీ పాగా కట్టలేదు. వాడికీ పిల్లలున్నారు, వాళ్లు తలెత్తుకుని తిరగాలి, వాడు బతికున్నంతకాలం ఈ సంగతి మన గుమ్మం దాటకూడదని అమ్మ చివరిరోజుల్లో నాతో అంది. చూశావా మీ నాయనమ్మ ఎలాంటిదో! భుజం మీద ఎర్రగా కనబడాలి, నోటితో మాత్రం అనకూడదు. అది మా అమ్మ.

ఇంకోటి చెప్తాను, నవ్వుకో. ఆ దొర మనవరాలు పెళ్లికి పట్టు జాకెట్లు నా దగ్గరే కుట్టించుకుంది. హడావుడిలో ఆది తేలేదు. నేను దేన్ని ఆదిగా పెట్టి కత్తిరించానో నీకు చెప్పాలా? అద్దం ముందు తిరిగి తిరిగి చూసుకుని, ఇంత బాగా ఎప్పుడూ కుదరలేదమ్మా అని మురిసిపోయింది. మంచి పిల్ల. దాని తప్పేముంది.

ఇప్పుడు చెప్పు. ఆ అతుకు విప్పుతావా? మీ మేడం కాదంటే రవిక వెనక్కి పంపు. నీ డిప్లొమా పోయినా సరే, అతుకు పోకూడదు. కోపంగా రాస్తున్నాననుకోకు. కోపంగానే రాస్తున్నాను.

జోజమ్మ.


హైదరాబాదు,
డిసెంబరు 13, 1986.

మా జోజమ్మత్తకు,

తంతి శుక్రవారం వచ్చింది. అప్పటికి బ్లేడు కూడా కొనిపెట్టుకున్నాను. ఉత్తరం సోమవారం వచ్చింది. చదివి, అతుకు మీద చేయి పెట్టుకుని కూర్చున్నాను. కరువుతీరా ఏడ్చాను. అది బాధ కాదత్తా, వేరే ఏదో. ఈ భుజం నుంచి నేను వచ్చానా అని.

మరునాడు మేడం దగ్గరికి వెళ్లి, అతుకు తీయను అన్నాను. మొదట కుట్టినట్టు ఉండాలి కదా అన్నారు. ఈ రవిక కుట్టడం పూర్తయింది అతుకు వేసిన రోజునే మేడం, అంతకుముందు సగమే అయింది అన్నాను. ఎలా అన్నానో, నా గొంతు నాకే కొత్తగా వినిపించింది. నీ ఉత్తరం ఇచ్చాను. ఆవిడ మొత్తం చదివారు. తర్వాత కాగితం నా ముందుకు తోసి, అయితే ఆ మాటే కార్డు మీద రాయి, ఎవరూ దాటిపోకుండా పెద్ద అక్షరాలతో రాయి అన్నారు. కార్డు మీద ఇలా రాశాను:

'ఆది రవిక. ఊరు మారేడుగుంపు. కుట్టుకున్నది శౌరమ్మ, మిరపకళ్లంలో కూలి. తెల్ల గుడ్డ పూజబల్ల మీదిది. ఎర్ర గుడ్డ, ఆమె రవిక చింపిన మనిషి తలపాగాది. దీన్ని ఆదిగా పెట్టి కుట్టిన రవికలకు లెక్క లేదు.'

మనిషి పేరు రాయలేదు. నాకు తెలియదు కూడా.

నిన్న ప్రదర్శన అయింది. ఒకవైపు విజయనగరం రాణి పట్టు, ఇంకోవైపు బేగం గారి జలతారు, మధ్యలో మన తెల్ల రవిక. జనం రాణి దగ్గర ఆహా అని, బేగం దగ్గర ఓహో అని, నాయనమ్మ దగ్గరికొచ్చి ఆగిపోయారు. ఒక పెద్దాయన కార్డు చదువుతూ చదువుతూ, తెలియకుండానే తన టోపీ తడిమి చూసుకున్నాడు. ప్రసాదం కోసం ప్లేటు కడిగిన మా గది అమ్మాయిలు రవిక పక్కనే కాపలా నిలబడి వచ్చినవాళ్లందరికీ కథ చెప్పారు. సాయంత్రానికి వాళ్ల కథలో పాగా మనిషికి గుర్రం, తుపాకీ కూడా వచ్చాయి. నేను కలగజేసుకుని దింపించాను.

నాన్న వచ్చాడు. నీ ఉత్తరం ముందే చూపించాను గాని, రవిక చూసి ఆ అతుకు ముందే నిలబడిపోయాడు. అంతలో ఎవరో, ఈ శౌరమ్మ ఎవరండీ అని అడిగారు. నాన్న సంగతి నీకు తెలుసు కదా, నలుగురిలో నోరు విప్పడు. గొంతు సవరించుకుని, హాలంతా వినబడేటట్టు "మా అమ్మ" అన్నాడు. ఆ ఒక్కమాటకు నాకు మార్కులు అక్కర్లేదనిపించింది. అయినా వచ్చాయి, క్లాసుకు మొదటిగా.

ఇప్పుడు ఒక సంగతి నువ్వే తేల్చాలి. కాలేజీలో పాత బట్టలు దాచే గది ఒకటుంది. రవికను గాజుపెట్టెలో పెట్టి ఎప్పటికీ అక్కడే ఉంచుతామని మేడం అడుగుతున్నారు. పురుగు పట్టదు, చిరగదు, ఏటేటా వచ్చే పిల్లలు చూస్తారు. నాకు గొప్పగానే ఉంది. కానీ అది నీది. ఏమంటావు?

నీ లూర్దు.


కొత్తగూడెం,
డిసెంబరు 18, 1986.

నా బంగారు కోడలికి,

నీ ఉత్తరం మీ మామయ్య చదివాడు, నేను చదివాను, సోమ్లికి చదివి వినిపించాను, కొలతలకొచ్చిన ప్రతి మనిషికీ వినిపించాను. పనులన్నీ వెనకబడ్డాయి. పడనీ. తమ్ముడు "మా అమ్మ" అన్నచోట నేను ముందుకు చదవలేక కాగితం పక్కన పెట్టాను. ఇవాళ్టి నుంచి నువ్వు చేసేది దర్జీ పనేనా అని అడగను. దర్జీ అనే మాటకన్నా గొప్ప మాట నా దగ్గర లేదు గాని, ఉంటే అదే అనేదాన్ని.

మీ మేడంకు నా దండాలు చెప్పు. నీ మాట విన్నది, పెద్ద మనసు. కానీ గాజుపెట్టె వద్దు. పురుగు పట్టదు, చిరగదు అన్నావు. చిరగకుండా ఉండటం దాని గొప్ప ఎప్పుడైంది?

నువ్వు మొదట్లో అడిగావు కదా, ఆది అంటే మొదలని. నీ పుస్తకంలో అది అయిపోయిన సంగతి. నా మిషన్ దగ్గర ఆది అంటే ఇంకా కత్తిరించవలసింది. గాజు కింద పెడితే మళ్లీ ఎవరికి ఆది అవుతుంది? జంపక్క మనవరాలికి ఫిబ్రవరిలో పెళ్లి. నిన్న జంపక్క కర్ర పట్టుకుని బస్సులో వచ్చి గుడ్డ ఇచ్చి వెళ్లింది. దేని మీద పెట్టి కత్తిరించాలో కూడా చెప్పి వెళ్లింది. లేదని ఆమెకు నేను చెప్పలేను.

మేడం మనసు కష్టపెట్టకు. దాని మీద గుడ్డ మడిచి, ఎడమ సగం పరిచి, నీ చేత్తో ఒకటి కత్తిరించి కుట్టి ఆ పెట్టెలో పెట్టు. దానికి అతుకు వేయకు. ఆ అతుకు ఒక్కటే ఉండాలి. కార్డు మాత్రం నువ్వు రాసిందే ఉంచు.

నువ్వు ఇంకోటి కూడా కత్తిరించుకో, నీకు. చంక దగ్గర కొంచెం బిగుతుగా ఉంటుంది, అందరికీ ఉంటుంది. విప్పి వదులు చేయకు, రెండు రోజుల్లో సర్దుకుంటుంది.

క్రిస్మస్‌కు వచ్చేటప్పుడు అమ్మ రవికను పెట్టె అడుగున పెట్టకు. చేతిసంచిలో, పైన పెట్టుకురా, ఎర్రది కనబడేటట్టు. బస్సులో పక్క మనిషి అదేమిటని అడిగితే చెప్పు.

మీ అత్త,
జోజమ్మ,
శౌరమ్మ కూతురు.